మామయ్య సాలు, నా కంపాస్

ప్రకాశం జిల్లాలో భూమి లోపలి రాయి విల్లులా వంగి ఉందని మీరు ఎక్కడా చదివి ఉండరు. చదవకపోవడం మీ తప్పు కాదు. ఆ సంగతి కనిపెట్టింది నేను, లోకానికి చాటబోయింది నేను. చాటడానికి నోరు తెరిచానో లేదో, మా మామయ్య చేలో, ఊళ్ళోవాళ్ళ ముందు, ఒక తాడు నా పరువు తీసింది. ఆ మధ్యలో ఒక ఎడ్ల జత చెయ్యి మారబోయింది, ఒక పెద్దమనిషి ప్యాంటు జారబోయింది, మా అత్త నాతో మాటలు మానేసింది. ఇదంతా ఎవరి సాయమూ లేకుండా, వారం తిరక్కముందే నేనొక్కదాన్నే సాధించాను.

నా పేరు రేష్మా. మాది వినుకొండ. మా తాతలు దూది ఏకేవాళ్ళు, నాన్న పరుపుల కొట్టు నడుపుతారు. ఇంటిల్లిపాదీ మెత్తటి పనులు చేసుకు బతికితే నేనొక్కదాన్నీ పోయి పోయి రాళ్ళ చదువు చదివాను. జియాలజీ అంటే ఏమిటని అడిగినవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి "రాళ్ళు" అని ఊరుకునేదాన్ని. వాళ్ళు మా అమ్మవైపు జాలిగా చూసేవాళ్ళు.

నా పరిశోధన సంగతి కొంచెం ఓపికపట్టి వినండి, లేకపోతే నా ఘనకార్యం మీకు పూర్తిగా అందదు. భూమిలోకి దిగేకొద్దీ వేడి పెరుగుతుంది. బాగా లోతున రాయి ముట్టుకోలేనంత వేడిగా ఉంటుంది. ఆ రాతిలో పగుళ్ళుండి, వాటిలో నీళ్ళు తిరిగితే, ఆ వేడిని నీళ్ళు పైకి మోసుకొస్తాయి. దానితో కరెంటు తీయొచ్చు, ఇంకా ఎన్నో చేయొచ్చు. మరి అంత లోతున పగుళ్ళు ఎటు పోతున్నాయో చూసిందెవరు? ఎవరూ దిగి చూడలేరు. అందుకని అలాంటి రాయే పైకి తేలినచోటికి వెళ్ళి, అక్కడి పగుళ్ళు ఎటు సాగాయో, ఎంత ఎడంగా ఉన్నాయో, ఒకదాన్నొకటి ఎక్కడ కలుసుకున్నాయో కొలుస్తాం. గుంటూరు యార్డులో మిర్చి బస్తా మూతి విప్పి పిడికెడు కాయ చూసి లాటు మొత్తం సంగతి చెప్పేస్తారు చూడండి, ఇంచుమించు అదే పని. కాకపోతే మా బస్తా అడుగు ఎవరికీ కనబడదు.

మా పద్మావతి మేడం, అంటే నా పరిశోధనకి గైడు, నన్ను చీమకుర్తి క్వారీలకి పంపించారు. అక్కడ వేడినీళ్ళున్నాయని కాదు. కోసిన రాయి నాలుగు గోడలుగా నిలబడి ఉంటుంది కాబట్టి పగుళ్ళ లోపలి నడక అక్కడ చూసినట్టు ఇంకెక్కడా చూడలేమని. చీమకుర్తికి పడమరగా, క్వారీల హారన్లు వినబడేంత దూరంలో మా నాగూర్‌మీరా మామయ్య ఊరు. అమ్మకి స్వయానా తమ్ముడు. ఉండటానికి ఇల్లు, తినడానికి కాశింబీ అత్త చేతివంట దొరికాక ఇక నాకేం కావాలి?

మొదటిసారి క్వారీ అంచున నిలబడి కిందికి చూశాను. మెట్లు మెట్లుగా కోసిన నల్లటి గోడలు. అడుగున ఎక్కడో లారీ తిరుగుతోంది, దాని హారన్ పైకొచ్చేసరికి గొంతు పోయి ఉంటోంది. ఎండ పడినచోట ఆ నలుపు నిండా బంగారు రంగు రవ్వలు మెరిశాయి. మనిషనేవాడు పుట్టడానికి ఎన్నో కోట్ల ఏళ్ళ ముందు కరిగి మరిగి, పైకి దారి దొరక్క, లోపలే ఆగిపోయి తీరిగ్గా చల్లారిన రాయి అది. ఆ గోడల మీద పైనుంచి కిందదాకా పగుళ్ళు. అవి అక్కడితో ఆగవు. గుంట అడుగున గీతలా సాగి, ఇంకా కిందికి, లారీలూ మనుషులూ ఎన్నటికీ చేరలేని చీకట్లోకి పోతాయి. ఇంత పెద్దదాని ముందు నిలబడి కొలవడానికి నా చేతిలో ఉన్నది అరచేతంత కంపాస్ ఒకటే.

మేడం ముందే హెచ్చరించారు. "నల్లరాయిలో ఇనుము పాలు ఎక్కువ. కొన్నిచోట్ల కంపాస్ ముల్లుని లాగేస్తుంది. రాతికి ఆనించకు, దూరంగా నిలబడి చూడు. ఒంటిమీద ఇనుప వస్తువనేది ఉండకూడదు."

ఆ మాట నేను ఎంత శ్రద్ధగా పాటించానో వింటే నన్ను మెచ్చుకుంటారు. గాజులు తీసేశాను. వాచీ తీసేశాను. ఫోను సంచిలో పెట్టి సంచిని దూరంగా రాయిమీద పెట్టాను. ఎండకీ రాతిపొడికీ తల చుట్టూ స్కార్ఫ్ బిగించుకుని, గడ్డం కింద మా చెల్లి కొనిచ్చిన కొత్త పిన్ను పెట్టుకున్నాను. అది గుచ్చే పిన్ను కూడా కాదు. రెండు చిన్న బిళ్ళలు, గుడ్డకి అటొకటి ఇటొకటి పెడితే టక్కున పట్టుకుంటాయి. గుడ్డకి చిల్లు పడదు, ముత్యంలా అందంగా ఉంటుంది. దానిమీద క్వారీవాళ్ళిచ్చిన ప్లాస్టిక్ హెల్మెట్ పెట్టుకుని, నాకు తోడుగా వచ్చిన సూపర్‌వైజరు వైపు తిరిగాను.

"ఆంజనేయులు గారూ, మీ బెల్టు బకిల్ ఇనుపదేనాండీ?"

"అయుంటదమ్మా. ఏం?"

"తీసి అవతల పెట్టండి."

ఆయన నన్ను చూశారు, తన బెల్టుని చూసుకున్నారు. "ఇది తీస్తే ప్యాంటు నిలబడదమ్మా" అన్నారు నెమ్మదిగా.

"సైన్సు కోసం అండీ."

సైన్సు పేరు చెప్పాక ఆయన కాదనలేకపోయారు. బెల్టు తీశారు. తాళాలగుత్తి తీశారు. జేబులో చిల్లర తీసి నా సంచి పక్కన పోశారు. ఎడంచేత్తో ప్యాంటు పట్టుకుని, కుడిచేత్తో నాకు దారి చూపిస్తూ మెట్లు దిగారు. "ఇంకేమన్నా తీయాలామ్మా?" అని మధ్యలో ఒకసారి అడిగారు, ఆయన గొంతులో కొంచెం భయం వినబడింది.

పగులు దిశ కొలవడం ఎలాగంటే, దానికి ఎదురుగా నిలబడి, కంపాస్‌ని ముందుకు పట్టుకుని, దాని మూతలోని అద్దంలో పగులుని చూస్తూ ముల్లు ఎక్కడ ఆగిందో చదవాలి. మిగతావాళ్ళు నడుం దగ్గర పట్టుకుంటారు. నాకు చూపు కొద్దిగా తక్కువ, గడ్డం దాకా ఎత్తి పట్టుకోవడం అలవాటు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

ఉత్తరపు గోడమీద ఒక నిలువు పగులు ఉంది. గుంట అడుగున అదే గీతలా సాగి దక్షిణపు గోడ ఎక్కింది. నేను సరిగ్గా మధ్యలో నిలబడ్డాను. ఉత్తరంవైపు చూసి చదివితే పగులు కొస పడమటికి వంగిందని కంపాస్ చెప్పింది. వెనక్కి తిరిగి దక్షిణంవైపు చదివితే ఆ కొసా పడమటికే వంగింది. కంటికేమో చీపురుపుల్లలా సూటిగా కనబడుతోంది. కంటిని నమ్మాలా, కంపాస్‌ని నమ్మాలా? చదువుకున్నదాన్ని కాబట్టి కంపాస్‌ని నమ్మాను. పక్క పగులు చదివాను, అదీ అంతే. దాని పక్కది, అదీ అంతే. అన్నీ విల్లులే.

"ఆంజనేయులు గారూ, ఈ రాయి వంగి ఉందండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆయన తల ఎత్తి గోడని కిందనుంచి పైదాకా చూశారు. "ఇన్నేళ్ళనించీ కోస్తన్నాం, మాకెప్పుడూ చెప్పలేదమ్మా" అన్నారు.

మర్నాడు మామయ్య చేనుకి తూర్పుగట్టు అవతల ఉన్న బండల దగ్గరికి వెళ్ళాను. అక్కడి పగుళ్ళూ రెండు కొసలా పడమటికే వంగాయి. ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. ఇంతింత దూరాల్లో పగుళ్ళన్నీ ఒకే వైపుకి వంగాయంటే అవన్నీ ఒక మహా చక్రంలో ముక్కలై ఉండాలి. భూమి లోపల ఎక్కడో ఒక నడిబిందువు ఉండి, దాని చుట్టూ ఇంత రాయీ మెలితిరిగి ఉండాలి. అలాంటిచోట నీళ్ళు ఎంత లోతుకి పోతాయో, ఎంత వేడితో వస్తాయో. మ్యాప్ మీద ఆ విల్లు గీశాను. మిగతా చక్రాన్ని అత్త వంటింట్లోంచి స్టీలు పళ్ళెం తెచ్చి, మ్యాప్ మీద బోర్లించి పూర్తిచేశాను. ఈ పద్ధతిని శాస్త్రంలో ఏమంటారో నాకు తెలీదు, పళ్ళెం అంటారనుకుంటాను. దాని నడిమధ్య ఎక్కడ పడిందో చెబితే మీరు నమ్మరు. మామయ్య చేలో, మోటారు షెడ్డు పక్కన.

"ఆ పళ్ళెం ఇటివ్వవే, మీ మామయ్యకి అన్నం పెట్టాలి" అంది అత్త.

"అత్తా, ఈ గుండ్రం లోపల ఏముందో తెలుసా?"

"ఏముంది, మన చేను."

"చేను కింద?"

"మన్ను."

"మన్ను కింద?"

"ఏమోనే తల్లీ, నేను దిగి చూశానా?" అని పళ్ళెం లాక్కుపోయింది.

ఇక్కడ మామయ్య గురించి చెప్పాలి. మిరప నాటే ముందు, దున్ని చదును చేసిన చేలో నిలువునా అడ్డంగా సూటి గీతలు తోలతారు. దాన్ని అచ్చు తోలడం అంటారు. గీతా గీతా కలిసినచోట మొక్క పెడతారు. అచ్చు సరిగ్గా పడితే పెరిగిన తోట ఎటునుంచి చూసినా వరసలు తీరి ఉంటుంది, ఏ సాళ్ళోనైనా కలుపు తీసే గుంటక పోతుంది. మా మామయ్య తోలిన అచ్చు ఆ చుట్టుపక్కల పేరు మోసింది. ఆ పేరులో సగం ఆయనది, సగం ఆయన ఒంగోలు ఎడ్లది. పెద్దోడు, చిన్నోడు అని పిలుస్తారు. దూడలుగా వచ్చినప్పటినుంచీ పెంచింది అత్త. పిల్లలు లేని ఇంట్లో ఆ పేర్లు వేరే ఎవరికో పెట్టుకోవలసినవి, ఆ సంగతి మేమెవరం పైకి అనం.

కిందటేడు మిరపకాయ కళ్ళంలో ఆరబోసి ఉండగా వాన పట్టుకుంది. పట్టాలు కప్పారు, ఎండ వస్తే తీశారు, మళ్ళీ కప్పారు. చివరికి ఎరుపు పోయి తాలు కాయ మిగిలింది. నేను ఫోన్ చేస్తే మామయ్య "ఏం లేదమ్మాయ్, వాన" అని ఫోను అత్తకిచ్చేశాడు. ఎప్పుడూ ఊరంతా వినబడేలా మాట్లాడే మనిషి.

అందుకే ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర నా నోరు ఆగలేదు. మేడం ఒకసారి చెప్పారు, కొన్ని దేశాల్లో భూమిలోంచి వచ్చే వేడితోనే పంటలు ఆరబెడతారని.

"అంటే వాన పడతన్నా కాయ ఆరుద్దంటావా?" అన్నాడు మామయ్య.

"ఆరుతుంది మామయ్యా. షెడ్డులో గొట్టాలేసి వేడినీళ్ళు తిప్పితే చాలు."

"నీళ్ళు కాచేదెవరు?"

"భూమే."

ముద్ద పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. "భూమే" అన్నాడు తనలో తను.

సాయంత్రం ఇద్దరం చేలోకి వెళ్ళాం. మామయ్య చెప్పులు విప్పి, నేను చూపించినచోట ఉత్త పాదం ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "చల్లగానే ఉందే" అన్నాడు.

"లోపల మామయ్యా. చాలా లోపల."

"ఎంత లోతు పోవాలి?"

చూశారా, నిజం చెప్పడానికి దేవుడు నాకిచ్చిన మంచి అవకాశం అది. ఆ వేడి కిలోమీటర్ల లోతున ఉంటుంది, బోరు లారీలకి అందేది కాదు, ఇక్కడ ఉందో లేదో ఎవరికీ తెలీదు అని చెప్పాలి. నేను చెప్పింది ఇది: "పగుళ్ళు చక్రం తిరిగినచోట వేడి పైకి తన్నుకు రావచ్చు మామయ్యా." రావచ్చు అన్న మాటలో ఎంత గాలి ఉంటుందో మా చదువుకున్నవాళ్ళకే తెలుసు. రైతుకి రావచ్చు అంటే వస్తున్నట్టే.

మేడంకి మ్యాప్ ఫోటో పంపాను. "ఆశ్చర్యంగా ఉంది. సోమవారం వచ్చి చూస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు" అని జవాబిచ్చారు. అప్పటికే ఆ సంగతి పాలుపోసే ఆవిడ నోట పక్క ఊరికి చేరింది.

మర్నాడు పొద్దున మామయ్య చల్లగా చెప్పాడు. లోతు బోరు వేయిస్తాడట. దానికోసం ఎడ్ల జత అమ్ముతాడట. "అచ్చు తోలటం అయిపోయింది గందా. గుంటక పాట్లకి ఎవరివన్నా తెచ్చుకుంటాలే" అన్నాడు, చూపు మాత్రం గోడమీద ఉంది. అద్దంకి వైపు రైతు కోటేశ్వరరావు గారు ఎప్పటినుంచో ఆ జత అడుగుతున్నారట. శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి తోలుకుపోతారట.

నాకు గుండెలో రాయి పడింది. చదివింది రాళ్ళే గానీ ఆ రాయి బరువు నాకు కొత్త. "తొందరెందుకు మామయ్యా, మేడం రానీ" అన్నాను. "మీ మేడం చూసేది నువ్వు చూసిందే గందా" అన్నాడు. నన్ను అంత నమ్మిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

అత్త అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. కోపం వచ్చి అరిచినా బాగుండేది. ఏదన్నా చెప్పాలంటే పెరట్లో ఎడ్లతో చెప్పేది. "ఒరేయ్ చిన్నోడా, కాఫీ చల్లారిపోతందని చెప్పరా." "ఒరేయ్ పెద్దోడా, స్నానానికి నీళ్ళు పెట్టానని చెప్పు." చిన్నోడు నా వైపు చూసేవాడు. నేను లేచి కాఫీ తాగేదాన్ని.

శుక్రవారం వచ్చింది. కోటేశ్వరరావు గారు వ్యానేసుకుని వచ్చారు. పెద్దాయన, తెల్లపంచె, ఎడ్ల చుట్టూ తిరిగి చూశారు. మామయ్య పలుపులు పట్టుకుని గట్టుమీద నిలబడ్డాడు. వెనకాల అత్త, ఊళ్ళోవాళ్ళు ఇంకొంతమంది. "నువ్వు ముందు గుర్తు పెట్టమ్మాయ్. నీ గుర్తు చూశాకే పలుపు ఆయన చేతికిస్తా" అన్నాడు మామయ్య.

హెల్మెట్ లేదన్నమాటే గానీ మిగతా సరంజామా అంతా క్వారీలో లాగే. స్కార్ఫ్ బిగించాను, గాజులు తీశాను, ఇనుప వస్తువులున్నవాళ్ళు దూరం జరగమని చెప్పాను, కొడవలి పట్టుకుని చూస్తున్న ఒకామె గట్టు దిగి వెళ్ళిపోయింది. మ్యాప్ మీది బిందువుని చేలో పట్టుకోవాలంటే ఒక సూటి గీత ఆధారం కావాలి. చేనంతా సూటి గీతలే. అప్పుడే తోలిన అచ్చు, నల్లమట్టి మీద నిలువునా అడ్డంగా పరుచుకుని, చూస్తే కాలు పెట్టడానికి మనసొప్పడం లేదు. ఉత్తర దక్షిణాలుగా పడిన ఒక సాలు ఎంచుకున్నాను. ఈ కొసన నిలబడి చదివాను. ఆ కొసకి నడిచి వెనక్కి తిరిగి చదివాను. రెండూ కలవలేదు. మళ్ళీ చదివాను. రెండు కొసలూ పడమటికి వంగాయి.

"మామయ్యా" అన్నాను, ఇంకో ఆలోచన లేకుండా. "నీ సాలు వంకరగా ఉంది."

కోటేశ్వరరావు గారు చుట్ట నోట్లోంచి తీశారు. "ఎడ్లు సాలు తప్పుతాయాండీ?" అని అడిగారు మామయ్యని, మర్యాదగానే.

మామయ్య మొహం ఎర్రబడింది. "నా ఎడ్లు? సాలు తప్పటమా?" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. "అమ్మాయ్, నీ రాళ్ళు వంకరంటే ఊరుకున్నా. భూమి వంకరంటే సరేనన్నా. నా సాలు వంకరంటావా?"

"నేనన్లేదు మామయ్యా, కంపాస్ అంటోంది."

"ఎవరన్నా తాడు పట్రండ్రా."

తాడు వచ్చింది. ఈ కొసన ఇద్దరు, ఆ కొసన ఇద్దరు పట్టుకుని బిగలాగారు. తాడు వెళ్ళి గీతమీద ఆనింది. ఒక్క వేలెడు కూడా అటూ ఇటూ లేదు. అంత పొడుగు చేలో, ఎడ్ల వెనక నడిచే మనిషి గీసిన గీత అంత సూటిగా ఉంటుందని నేను అనుకోలేదు. కోటేశ్వరరావు గారు వంగి చూసి చిన్నగా తల ఊపారు.

"ఇప్పుడు చూడు" అన్నాడు మామయ్య.

తాడు నడిమధ్య నిలబడి ఉత్తరంవైపు చూశాను. తాడు పడమటికి వంగింది. దక్షిణంవైపు తిరిగాను. అటూ పడమటికే వంగింది. నలుగురు మగవాళ్ళు చెమటలు కక్కుతూ లాగుతున్న తాడు, సరిగ్గా నేను నిలబడ్డచోట విరిగినట్టు చెబుతోంది కంపాస్. నా నోరు నేను మూసుకోవలసింది. మూసుకోలేదు.

"తాడు కూడా వంకరే మామయ్యా."

ఇన్ని రోజుల తర్వాత అత్త నాతో నేరుగా మాట్లాడింది. "ముందు ఆ గుడ్డ తీసి మొహం తుడుచుకోవే. ఎండ తలకెక్కింది."

అత్త మాట్లాడిందన్న సంతోషంతోనే చెప్పినట్టు చేశాను. గడ్డం కింద బిళ్ళలు ఊడదీశాను. కంపాస్ ఎడమ అరచేతిలో తెరిచే ఉంది. పిన్ను కుడిచేతిలోంచి ఆ చేతిలోకి మార్చి, స్కార్ఫ్ విప్పబోతూ యథాలాపంగా కిందికి చూశాను. కంపాస్ ముల్లు గిర్రున తిరిగి, పిన్నువైపు తలపెట్టి నిలబడింది. పిన్నుని ఇటు జరిపాను. ముల్లు ఇటు వచ్చింది. అటు జరిపాను. అటు వచ్చింది.

ఆంజనేయులు గారి బెల్టు కళ్ళముందు మెదిలింది. ఆయన చిల్లర, తాళాలు, ఎడంచేత్తో ప్యాంటు పట్టుకుని దిగిన అన్ని మెట్లు మెదిలాయి. లోకంలో ఉన్న ఇనుమంతా దూరం పెట్టించి, నేను మాత్రం గడ్డం కింద అయస్కాంతం పెట్టుకుని తిరిగాను. నేను ఉత్తరానికి తిరిగితే అదీ నాతో తిరిగి ముల్లుని ఒక పక్కకి, దక్షిణానికి తిరిగితే ఇంకో పక్కకి లాగింది. గుడ్డని పట్టుకోవడానికి ఆ బిళ్ళలు ఎలా అతుక్కుంటున్నాయో ఒక్క పూట కూడా ఆలోచించలేదు, అదీ జియాలజీ చదివి.

పిన్ను అత్త చేతిలో పెట్టి, దూరంగా పంపించి, మళ్ళీ చదివాను. ఉత్తరం సూటిగా ఉంది. దక్షిణం సూటిగా ఉంది. ఏడుపు ముంచుకొచ్చింది. మామయ్య దగ్గరికి వెళ్ళి అంతా చెప్పేశాను. చక్రం లేదని, నడిబిందువు లేదని, అంత లోతుకి ఏ బోరూ పోదని, అది మొదటిరోజే తెలిసీ చెప్పలేదని.

మామయ్య అంతా విని మోటారు షెడ్డు వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తుంది.

"అదంతా తర్వాత" అన్నాడు. "నా సాలు సూటిగా ఉందా, లేదా? అది చెప్పు."

"సూటిగానే ఉంది మామయ్యా."

"గట్టిగా చెప్పు. ఆయనకి వినబడాల."

నేను కళ్ళు తుడుచుకుని, చేనంతా వినబడేలా చెప్పాను. "మా మామయ్య సాలు సూటిగా ఉందండీ. నేను కంపాస్ పెట్టి చూశాను. ఎక్కడా వంకర లేదు."

కోటేశ్వరరావు గారు పలుపు కోసం చెయ్యి చాపారు. "ఇలాంటి సాలు తోలే జత అంటే ఇంక నాకు వేరే మాట లేదండీ నాగూర్‌మీరా గారూ. ఇవ్వండి."

"లేదండీ" అన్నాడు మామయ్య. "బోరు లేదుగా. అమ్మే పని ఇంకేముంది? భోంచేసి వెళుదురు గాని రండి."

పలుపులు అప్పటికే మామయ్య చేతిలో లేవు. అత్త ఎప్పుడు లాక్కుందో లాక్కుని, ఎడ్లని ఇంటిదారి పట్టించింది. పోతూ పోతూ, "ఒరేయ్ పెద్దోడా, ఈ పూట దానికి నెయ్యి ఎక్కువేస్తానని చెప్పరా" అంది.

సోమవారం మేడం వచ్చారు. నా కథంతా విని, నవ్వాపుకోలేక క్వారీ మెట్లమీద కూర్చుండిపోయారు. "ఇంతకీ ఆ చక్రానికి నడిబిందువు ఎక్కడ తేలిందమ్మా?" అని అడిగారు.

"నా గడ్డం కింద మేడం. నేనెక్కడికి వెళితే అక్కడికి వచ్చేది."

మమ్మల్ని దూరంనుంచే చూసి ఆంజనేయులు గారు బెల్టు విప్పుతున్నారు. "అక్కర్లేదండీ" అని అరిచాను. "ఫరవాలేదమ్మా, సైన్సు కోసం" అని ఆయన విప్పేశారు.

ఆ రోజు మామయ్య కూడా మాతో క్వారీకి వచ్చాడు. పిన్ను లేకుండా తలకి గుడ్డ ముడివేసుకుని నేను మళ్ళీ కొలవడం మొదలుపెట్టాను. ఉత్తరపు గోడమీద పగులు సూటిగా ఉంది, దక్షిణపు గోడమీదా సూటిగానే ఉంది. దాని పక్కది దానికి సమానంగా, దాని పక్కది దానికి సమానంగా ఉన్నాయి. వాటిని అడ్డంగా కోస్తూ ఇంకో వరస పగుళ్ళు. రాసుకుంటూ రాసుకుంటూ చెయ్యి ఆపేశాను. విల్లూ చక్రమూ అంటూ ఇన్నాళ్ళు నేను చూడనిది అప్పుడు కనబడింది. ఏ మనిషీ ఏ ఎద్దూ లేని రోజుల్లో, ఇంత రాతిలో, నిలువునా అడ్డంగా ఎవరో అచ్చు తోలి వదిలేశారు.

మామయ్య గోడ ముందు తల ఎత్తి చూస్తూ నిలబడ్డాడు. తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు, మసీదు ముందు చెప్పులు విప్పేటప్పుడు ఆయన మొహం అలా ఉంటుంది.

"ఇది ఎంత కిందికి పోద్దండీ?" అని మేడంని అడిగాడు.

"మనకి తెలిసినంత దూరం, ఇంకా కిందికి కూడా పోవచ్చండీ."

"మరి కింద వేడి ఉందని ఈ పిల్ల చెప్పింది, అదీ అబద్ధమేనా?"

"అది మాత్రం నిజం. మనకి అందే లోతులో లేదంతే. అందే రోజు వస్తే, నీళ్ళు ఎటు నడుస్తాయో ఈ గీతలు చూసే చెబుతారు."

మామయ్య చెప్పు విప్పి రాతిమీద పాదం ఆనించాడు. ఈసారి రాయి ఎండకి కాలి ఉంది. "ఉందండీ" అని చటుక్కున కాలు తీసేశాడు. ఆంజనేయులు గారితో సహా అందరం నవ్వాం.

ఈ ఏడు కాయ కళ్ళంలో ఎండకే ఆరింది, వాన దయతలచింది. ఆ పిన్ను అత్త బీరువా తలుపుకి అతికించుకుంది. నేను వెళ్ళినప్పుడల్లా కనబడేలా.

కాబట్టి, ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, పెద్దోడి వీపుమీద ఒక చెయ్యి, చిన్నోడి వీపుమీద ఒక చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట భూమ్మీద గానీ భూమి లోపల గానీ ఏది వంకరగా కనబడినా, ఆ మాట పైకి అనే ముందు నా గడ్డం కింద తడిమి చూసుకుంటాను. పెద్దోడు తల ఊపాడు. చిన్నోడు మాత్రం మా అత్త వైపు చూశాడు.